మొద్దుబోయిన రాయి

మా ఆయన సత్యనారాయణకి రెండు గొప్పలు. ఒకటి జుట్టు, రెండోది చెవి. జుట్టు పోయి చాలా కాలమైంది, దాని సంగతి ఆయనే మర్చిపోయాడు. చెవి మాత్రం ఇంకా ఉన్నట్టే అనుకుంటూ తిరిగాడు. ఆ అనుకోవడం ఆయన దోస్తు రంగయ్య గని మూతబడే దాకా తెచ్చింది కాబట్టి చెబుతున్నాను, లేకపోతే మొగుడి చెవుల గురించి నలుగురిలో మాట్లాడే అలవాటు నాకు లేదు.

మాది మార్కాపురంలో కంభం రోడ్డు మీద పలకరాయి దుకాణం. మా మామగారి కాలంలో బడిపిల్లల పలకలు చేసేవారు. ఇప్పుడు గోడలకి అతికించే బిళ్లలు, నేల మీద పరిచే బండలు. ముందు దుకాణం, వెనక కటింగ్ మిషన్ల షెడ్డు, రెంటికీ మధ్య మా ఇల్లు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మిషన్ల రొదకి నాకు అన్నం సయించేది కాదు. మా ఆయన మాత్రం అందులోనే పుట్టాడు, అందులోనే పెరిగాడు, పక్కన మిషన్ తిరుగుతుంటే కునుకు కూడా తీసేవాడు.

పలకరాయిని కొనేవాడు కంటితో కొనడు, చెవితో కొంటాడు. చిన్న సుత్తి తీసుకుని రాయి అంచు మీద తడతాడు. మంచి రాయి అయితే కంచు గిన్నెలా ఖంగుమంటుంది. లోపల కనపడని పగులు ఉంటే మొద్దుగా పలుకుతుంది. దాన్ని మావాళ్లు మొద్దుబోయిన రాయి అంటారు. మిషన్ ఎక్కిస్తే అది మధ్యలోనే రెండు ముక్కలవుతుంది. ఈ తట్టి చూడడంలో మా ఆయనకి పెద్ద పేరు. త్రిపురాంతకం నుంచీ కురిచేడు నుంచీ కూడా మనుషులు వచ్చి, "శెట్టిగారూ, ఒక్కసారి ఈ రాయి తట్టి చెప్పండి" అని అడిగేవారు. తట్టి చెప్పి, ఆ రోజంతా ఇంట్లో మెడ నిక్కించుకుని తిరిగేవాడు. కూర ఎలా ఉందని అడిగినా సుత్తి ఎత్తినంత గంభీరంగా ఆలోచించి చెప్పేవాడు.

దుకాణం గుమ్మం పక్కన కొక్కేనికి ఒక నల్ల పలక వేలాడుతుంటుంది. మా మామగారు కట్టింది. పొద్దున తలుపు తీసి, అగరొత్తులు వెలిగించి, దాన్ని మూడుసార్లు మోగించాకే మాకు బోణీ. గుడిగంటకి ఉన్నంత మర్యాద ఉంది దానికి. ఎదురుగా పూలమ్మే శేషమ్మ అది మోగితే గానీ బుట్ట మీద తడిబట్ట తీయదు.

ఇక రంగయ్య. ఊరికి పడమర గట్టు దగ్గర వాళ్ల పొలం, పొలం పక్కనే లీజుకి తీసుకున్న గని. మాకు వచ్చే రాయిలో ఎక్కువ భాగం ఆ గనిదే. మా పెళ్లికి ముందు నుంచే వీళ్లిద్దరూ దోస్తులు. ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. మనిషి బంగారం, గొంతు మాత్రం మైకు. ఏళ్ల తరబడి కంప్రెసర్ పక్కన నిలబడి రాతికి బెజ్జాలు వేయించినవాడు మెల్లగా ఎట్లా మాట్లాడతాడులే అని ఎవరూ పట్టించుకోరు. ఇద్దరూ అరుగు మీద కూచుని వానల గురించి మాట్లాడుకుంటుంటే, తగాదా అనుకుని దారినపోయేవాళ్లు ఆగి చూస్తారు. మా ఆయనకి ఈ మధ్య ఎవరి మాటా సరిగా అర్థం కావడం లేదు గానీ, రంగయ్య మాట మాత్రం ముక్క పోకుండా అర్థమయ్యేది. "వాడొక్కడే స్పష్టంగా మాట్లాడతాడు, మీరంతా నోట్లో నీళ్లు పోసుకుని గొణుగుతారు" అనేవాడు.

గొణిగేవాళ్ల జాబితాలో అందరికంటే ముందు నేను, తర్వాత కోడలు, ఆ తర్వాత మనవరాలు లాస్య. ఆ పిల్ల గొంతు ఊదే పీకలాగా ఉంటుంది, పక్క వీధిలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడతారు. అది "తాతా తాతా" అని వెనకాల అరుస్తుంటే ఈయన చక్కగా నడిచి వెళ్లిపోతాడు. కుక్కరు కూతలు వినపడవు. జేబులో ఫోను మోగితే నేను వచ్చి చెప్పాలి. అదే ఎక్కడో లారీ హారన్ కొడితే చాలు, "చూసినావా, నాకు వినపడలేదా?" అని నా మీదికి వస్తాడు. టీవీలో వార్తలు మా ఇంట్లో పెడితే వీధి మొత్తానికి దేశం సంగతులు తెలిసేవి.

"చెవులు చూపిచ్చుకోండి" అన్నాను ఒకరోజు.

"చెవులకేమైంది? రాయి చూసే చెవులివి."

"రాయి తర్వాత, ముందు మనుషుల మాట వినపడాలి గదా."

"నువ్వు గట్టిగా చెప్పు, ఎందుకు వినపడదు!"

గట్టిగా చెబితే మాత్రం, "అరుస్తావేంది, నేనేమన్నా చెవిటోణ్ణా?" అంటాడు. ఇలాంటి మనిషితో ఎవరు వాదిస్తారు? నాకు కోపం వచ్చి ఒక పూట మాట్లాడడం మానేశాను. ఆయన ఆ సంగతి కనిపెట్టనే లేదు. ఇల్లు ఇవాళ ప్రశాంతంగా ఉందన్నాడు.

ఇంతవరకూ ఇంటి గోల. పోయిన ఎండాకాలంలో అది రంగయ్య మెడకి చుట్టుకుంది.

ఆ రోజు రంగయ్య ట్రాక్టరు నిండా రాయి తెచ్చాడు. మా ఆయన సుత్తి పట్టుకుని తట్టాడు. నేను వంటింట్లో చింతపండు పిసుకుతున్నాను. అక్కడికే ఖంగుమని వినపడింది, బ్రహ్మాండమైన రాయి. మరుక్షణం మా ఆయన గొంతు: "మొద్దుబోయింది రంగయ్యా."

చేతులు కడుక్కోకుండానే బయటికి వచ్చాను. ఇంకొకటి తట్టాడు. అదీ మోగింది. అదీ మొద్దే అన్నాడు. మా అబ్బాయి యోగేష్ అక్కడే ఉన్నాడు.

"బాగనే మోగుతున్నాయి గదా నాయనా" అన్నాడు.

"నీ చెవులు ఫోన్లో పెట్టీ పెట్టీ చెడిపోయినాయి. నువ్వు చెప్పొచ్చినావా నాకు?" అని ఆయన గయ్యిమన్నాడు.

రంగయ్య ఇప్పుడు చూడు ఎలా లేస్తాడో అనుకున్నాను. తన రాయిని ఒక మాట అంటే ఒప్పుకునే మనిషి కాదు. సుత్తి తీసుకున్నాడు, తట్టాడు, తల వంచి విన్నాడు. మళ్లీ తట్టాడు. మొహం చిన్నబోయింది.

"నిజమేనన్నా" అన్నాడు. "నాకూ కొన్నాళ్ల నుంచి అనుమానంగనే ఉండాది. వెనకటి మోత లేదు."

ఇంకో మాట లేకుండా అప్పటికే దించిన సగం రాయి మా దొడ్లో ఓ మూలకి వేయించి, మిగతాది వెనక్కి తోలుకుపోయాడు. స్నేహితుడి మాట కాదనలేక మర్యాదకి ఒప్పుకున్నాడనుకున్నాను. అంత మర్యాద మగవాళ్లలో ఉంటుందని ఎలా నమ్మానో నాకే తెలియదు.

తర్వాత వచ్చిన రాయికీ అదే గతి పట్టింది. సత్యనారాయణ శెట్టి వద్దన్న రాయి అంటే మిగతా దుకాణాలవాళ్లు తట్టనైనా తట్టరు. రంగయ్య రాయి చెడిందన్న మాట ఊరంతా పాకింది. శ్రావణ మాసం వచ్చేసరికి రంగయ్య మా అరుగు మీద కూచుని, వీధంతా వినేటట్టు చెప్పాడు.

"గని వదిలేస్తున్నానన్నా. రాయి సచ్చిపోయినాక గుంత పెట్టుకుని ఏం జేసేది? గిద్దలూరాయన ఎవరో అడుగుతున్నాడు, వచ్చే పాడ్యమికి అప్పజెప్తా. కురిచేడులో మిల్లు కాడ వాచ్‌మన్ పని ఉండాదంట."

మా ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే దొడ్లో పడేసిన ఆ రాళ్ల మీద లాస్య రోజూ చెంచా పెట్టి కొడుతూ ఆడుకుంటోంది, ఒక్కొక్కటీ గంటలాగా మోగుతోంది. ఆ సంగతి చెప్పాను. "చెంచాతో తట్టి రాయి చూస్తారా ఎవరన్నా?" అన్నాడు. శెట్టి చెవికి ఎదురు చెప్పడానికి ఊళ్లో ఒక్కరూ లేరు, ఇంట్లో నేను చెబితే వినపడదు.

పాడ్యమి దగ్గరికొస్తోంది. ఒక పొద్దున ఆయన ఎప్పటిలాగే దుకాణం తెరిచాడు, అగరొత్తులు గుచ్చాడు, మామగారి పలకని మూడుసార్లు మోగించాడు. నేను ముగ్గు గిన్నెతో పక్కనే ఉన్నాను. రోజూ కొట్టి లోపలికి పోయేవాడు, ఆ రోజు ఎందుకో చెవి పెట్టి విని, అలాగే సుత్తి పట్టుకుని నిలబడిపోయాడు. మళ్లీ కొట్టాడు. ఇంకాస్త గట్టిగా కొట్టాడు.

"నాగలక్ష్మీ," అన్నాడు. మనిషి పాలిపోయాడు. "నాయన పలక పగిలింది."

నాకు నవ్వొచ్చింది, ఆయన మొహం చూసి ఆపుకున్నాను. తండ్రి పోయినరోజు కూడా ఆ మొహం అంత బెంగగా లేదు. "ఇంటికి మంచిది కాదు, ముందు దించాల" అంటూ కొక్కెం విప్పబోయాడు. అప్పుడు నాకు బుర్ర వెలిగింది.

"దించండి. పగులు యాడుందో చూపిచ్చండి నాకు. రాయి తడిపితే కనపడదా?"

ఇది ఆయన విద్యే. రాతి మీద నీళ్లు పోసి ఎండలో పెడితే పైన తడి ఆరిపోతుంది, పగులు ఉన్నచోట మాత్రం నీరు పట్టి నల్లగా గీత మిగులుతుంది. పలకని అరుగు మీద పడుకోబెట్టి చెంబెడు నీళ్లు పోశాడు. ఇద్దరం గొంతుకూచున్నాం. ఎండ ఎక్కింది. తడి అంచుల నుంచి లోపలికి ఆరుకుంటూ వచ్చింది. గీత లేదు. తిరగేశాడు, మళ్లీ నీళ్లు పోశాడు. కళ్లజోడు పెట్టుకుని, మొహం పలకకి ఆనించినంత దగ్గరగా పెట్టి వెతికాడు. వెంట్రుక మందం గీత కూడా లేదు.

నేను పలకని తీసి కొక్కేనికి తగిలించాను. సుత్తితో గట్టిగా కొట్టాను. వీధి దద్దరిల్లింది.

ఎదురుగా శేషమ్మ పూలబుట్ట మీద నుంచి తలెత్తింది. "ఏందక్కా, ఇయ్యాల దుకాణం రెండు మాట్లు తెరిచినారా?" అని అక్కడి నుంచే అరిచింది. శేషమ్మది మగగొంతు, ఆమె మాట ఆయనకి వినపడుతుంది.

"నీకు... వినపడిందా?" అన్నాడు ఆమెతో.

"వినపడకేం? చెవులు గింగిర్లెత్తినాయి!"

ఆయన మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. పలకని చూశాడు, నన్ను చూశాడు, దొడ్లో మూలనున్న రంగయ్య రాళ్ల వైపు చూశాడు. "నేనెంత పని జేసినానే" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన్ని సాధించడానికి నాకు దొరికిన అంత మంచి అవకాశం ఇంకోటి లేదు. అయినా ఒక్క మాట అనాలనిపించలేదు. పక్కన కూచుని చెయ్యి పట్టుకున్నాను.

మర్నాడే ఒంగోలు బస్సెక్కాం. చెవి డాక్టరు లోపల గుబిలి లేదు, పొర బాగానే ఉందని చూసి, పరీక్ష చేసే అమ్మాయి దగ్గరికి పంపాడు. ప్రియదర్శిని అని చక్కని పిల్ల. ఆయన్ని అద్దాల గదిలో కూచోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, చేతికి మీట ఇచ్చి, శబ్దం వినపడినప్పుడల్లా నొక్కమంది. లావు శబ్దాలకి గబగబా నొక్కాడు, అద్దంలోంచి నా వైపు గర్వంగా చూశాడు. సన్న శబ్దాలు మొదలయ్యాయి. ఆయన మీట మీద వేలు పెట్టుకుని ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆ పిల్ల శబ్దం పెంచుతోంది, పెంచుతోంది. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు.

"పూర్తిగా పోలేదు అంకుల్," అంది బయటికొచ్చాక. "లారీలు, ఉరుములు, మగవాళ్ల గొంతులు బాగానే వినపడతాయి. అందుకే మీకు ఏమీ కాలేదనిపిస్తుంది. మిషన్ల రొద ముందు సన్న శబ్దాలని తినేస్తుంది. ఆడవాళ్ల మాటలు, పిల్లల గొంతులు, గంటల మోత."

"రాయి మోత?" అన్నాడు.

"అదీ అంతే. పోయినది వెనక్కి రాదు గానీ, చెవికి మిషన్ పెడితే చాలావరకు అందుకుంటారు."

"మరి ఎప్పుడు రావాల్సిందమ్మా మేము?" అన్నాను నేను.

"ఎదుటివాళ్లంతా గొణుగుతున్నారనిపించిన మొదటి రోజే రావాలి ఆంటీ. ఇంట్లోవాళ్లు టీవీ తగ్గించమని చెప్పినప్పుడు రావాలి. రొదలో పనిచేసేవాళ్లయితే ఏమీ అనిపించకపోయినా ఏడాదికోసారి చూపించుకోవాలి. వినపడని శబ్దం వినపడటం లేదని ఎవరికి వాళ్లకి ఎలా తెలుస్తుంది? పక్కవాళ్లే చెప్పాలి."

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు.

వారం తిరక్కుండా చెవి మిషన్లు వచ్చాయి, చెవికొకటి, చిక్కుడు గింజంత. ఆ సాయంత్రం ఆయన ఇల్లంతా కొత్తగా చూడొచ్చినవాడిలా తిరిగాడు. ఫ్యాను కిర్రుమంటోందన్నాడు. నా గాజులు ఇంత మోత చేస్తాయా అన్నాడు. కుక్కరు కూస్తే ఉలిక్కిపడ్డాడు. లాస్య "తాతా" అనగానే ఠక్కున తిరిగాడు. అది భయపడి కోడలి వెనక దాక్కుంది, తాత ఒక్క పిలుపుకే తిరగడం దానికి తెలియదు. మర్నాడు పొద్దున మామగారి పలక మోగించి, మోత పూర్తిగా చచ్చేదాకా కదలకుండా నిలబడ్డాడు. సైగతో నన్ను కూడా కదలొద్దన్నాడు.

ఆ వెంటనే రంగయ్యకి కబురు పంపాడు. పాడ్యమి ఇంకా రెండు రోజులుంది. మధ్యాహ్నానికి రంగయ్య ట్రాక్టరు వేసుకుని వచ్చాడు, దొడ్లో మిగిలిన రాయి ఎత్తుకుపొమ్మంటున్నారేమో అనుకుని.

"రంగయ్యా, తప్పు నాది," అన్నాడు మా ఆయన అతని చేతులు పట్టుకుని. "రాయి మంచిదే. నా చెవే చెడింది. ఇదిగో, మిషన్లు పెట్టినారు. విను, ఎట్ల మోగుతుందో." సుత్తి తీసుకుని దొడ్లో రాళ్లు వరసగా తట్టుకుంటూ పోయాడు. ఒక్కొక్కటీ ఖంగుఖంగుమంటోంది. ఆయన మొహం వెలిగిపోతోంది. "చూడు! చూడు! ఇది చూడు!"

రంగయ్య మొహం వెలగలేదు. దిగులుగా నవ్వాడు.

"నీది మంచి మనసన్నా. నేను గని వదులుతున్నానని అట్ల చెప్తున్నావు. సచ్చిన రాయి నాకు తెలీదా?" అంటూ సుత్తి అందుకుని తనే తట్టాడు. గంటలాంటి మోత. దొడ్లో కాకులు లేచాయి. "విను. ఏముండాది? చెక్క తట్టినట్టుంది."

నేనూ మా ఆయనా ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అప్పుడు నాకు అంతా తెలిసింది. ఆ ఎండాకాలం ఒకరు మొద్దన్నారు, ఇంకొకరు నిజమేనన్నారు. మర్యాదా కాదు, నా బొందా కాదు. కటింగ్ మిషన్ పక్కన ఒకరు, కంప్రెసర్ పక్కన ఇంకొకరు చెవులు పోగొట్టుకుని, ఇద్దరూ కూడబలుక్కున్నట్టు బతికున్న గనిని చంపేశారు. ఊరంతా వినేటట్టు మాట్లాడే మనిషికి వినపడదన్న ఆలోచన నాక్కూడా రాలేదు.

మా ఆయన కుడిచెవి మిషన్ తీశాడు, పంచె కొంగుతో తుడిచాడు, రంగయ్య చెవికి తగిలించాడు. ఒకరి చెవి మిషన్ ఇంకొకరు పెట్టుకోకూడదని ప్రియదర్శిని గట్టిగా చెప్పింది. ఆ పిల్ల అక్కడ లేదు కాబట్టి ఎడమది కూడా తీసి తగిలించాడు.

"ఇప్పుడు కొట్టు," అన్నాడు.

రంగయ్య అనుమానంగా సుత్తి ఎత్తి, అలవాటు కొద్దీ అంచు మీద తట్టాడు.

సుత్తి అలాగే గాల్లో ఆగిపోయింది. మళ్లీ తట్టాడు. పక్కదాన్ని తట్టాడు. ఆ పక్కదాన్ని. పెద్దమనిషి చిన్నపిల్లాడిలా దొడ్డంతా తిరుగుతూ తన రాళ్లన్నిటినీ తట్టుకుంటూ పోయాడు. చివరికి వాటి మీదే కూచుండిపోయి, ఒక బండని ఒళ్లోకి లాక్కుని, దాని మీద అరచెయ్యి వేసి నిమిరాడు. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి.

ఏదో అన్నాడు. పెదవులు మాత్రమే కదిలాయా అన్నంత మెల్లగా అన్నాడు. తన గొంతు తనకి వినపడినందుకేమో, రంగయ్య అంత నెమ్మదిగా మాట్లాడడం నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మిషన్లు రెండూ ఇచ్చేసి ఉత్త చెవులతో నిలబడ్డ మా ఆయనకి అది అందలేదు. నా వైపు తిరిగాడు.

"ఏమన్నాడే?"

గట్టిగా చెప్పాలి. పైటతో కళ్లు తుడుచుకుని, ఆయన చెవి దగ్గరగా వెళ్లి చెప్పాను.

"తన రాయి సావలేదంటున్నాడయ్యా."